అడ్వాన్సు

అతను నకిరేకల్ నిమ్మ మార్కెట్లో హమాలీ. ఊళ్లో ఎనిమిది గుంటల చెలక ఉంది. బస్తా భుజానికెత్తితే ఛాతీలో పట్టేస్తోందని హైదరాబాద్ పోతే గుండెకు ఆపరేషన్ చెయ్యాలన్నారు, రెండు లక్షలవుతుందన్నారు. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్ర అడిగిన మొదటి మాట: "రేషన్ కార్డు ఉందా?"

లేదు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు, పాత కార్డులో పేరుంటే కొత్తది రాదన్నారని ఉమ్మడి కార్డులోంచి పేర్లు తీయించుకున్నాడు. తీసెయ్యడం చిటికెలో అయింది. కొత్తది ఏళ్లు గడిచినా రాలేదు. ఇలా రెంటికీ చెడ్డ రేవడులు అప్పట్లో ఊరూరా ఉండేవారు. పక్కనున్న తుంగతుర్తిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది 2025 జూలై 14న. ఈ ముచ్చట అంతకు ఏడాది ముందుది.

2023 డిసెంబర్ 9న ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మంచిదే. కార్డు లేనివాడికి ఐదైనా పదైనా ఒకటే.

ఆ వానాకాలం రైతువేదికలో రైతుబీమా దరఖాస్తులు తీసుకుంటుంటే వచ్చాడు. వ్యవసాయ శాఖ ఏఈఓ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. వయసు 18 నుంచి 59 లోపు ఉండాలి, పట్టా పాస్‌బుక్కు ఉండాలి, గుంట భూమున్నా చాలు. ప్రీమియం సర్కారే ఎల్ఐసీకి కడుతుంది. రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీ ఖాతాలో 5 లక్షలు పడతాయి.

"రేషన్ కార్డు అడుగరా బిడ్డా?"

"అవసరం లేదు కాకా. ఆధారు, పాస్‌బుక్కు చాలు."

"పైసలెన్ని దినాలకొస్తయ్?"

"పది రోజులల్ల ఇయ్యాలని రూలు."

నామినీగా భార్య పేరు రాయించాడు. సంతకం పెట్టాడు. వెనకున్నవాళ్లు తొందరపెడుతున్నా బల్ల ముందు నుంచి కదల్లేదు.

"బిడ్డా, ఆ ఐదు లక్షలల్ల రెండు ఇప్పుడే అడ్వాన్సు ఇయ్యరాదుండ్రి. ఆపరేషన్ చేపిచ్చుకుంట. మిగిలిన మూడు నేను పోయినంక మా ఇంటిదానికి ఇయ్యుండ్రి."

వరుసలో ఉన్నవాళ్లు ఘొల్లుమని నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

"ఆపరేషన్ చేపిచ్చుకుంటే బతుకుతవ్ గద కాకా. బతికినోళ్లకు ఇండ్ల పైసల్లెవ్వు."