వాయిదాకు కారణమేది?

నేను కళ్ళజోడుని. చిత్తూరు సివిల్ కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైన పెద్దాయన కళ్ళతోనే నేను చూస్తాను. ఇప్పుడు మా కాపురం తిరుపతి కొర్లగుంటలో. కోర్టులో ఉన్నన్నాళ్ళూ నా కింది అద్దాల్లోంచి దావాలు, వకాల్తాలు, వాంగ్మూలాలు చదివాడు, ఇంటికొస్తే నవలలు.

యండమూరి 'అభిలాష' అంటే ఆయనకు ప్రాణం. ఉరిశిక్ష రద్దు కావాలని తపించే కుర్ర లాయరు, నిరపరాధికీ ఉరి పడగలదని రుజువు చేయడానికి హత్యానేరం తన నెత్తినే వేసుకుంటాడు. అక్కణ్ణించి పేజీ పేజీకీ తాడు దగ్గరవుతుంది. 1983లో సినిమా వచ్చి కథ ఊరందరికీ తెలిసినా ఆ పట్టు సడలలేదు. హత్యకు ఉరి వేయించే నాటి ఐపీసీ 302 సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 103 అయింది. ఉత్కంఠ మాత్రం అలాగే ఉంది.

మొన్న కూతురు తెచ్చిన లావుపాటి లీగల్ థ్రిల్లర్‌ను అంతే ఆశగా తెరిచాడు. మొదటి అధ్యాయంలోనే శవం. ఆ తర్వాత లాయరుగారి ఆఫీసు, కారు, విడాకుల దిగులు, మళ్ళీ ఆఫీసు. సగం దాటినా ఒక్క సాక్షీ బోనెక్కలేదు.

"కోర్టులో కేసులు ఇంతకన్నా నిదానం గదా నాయనా?" అంది కూతురు.

"నిదానం తప్పు గాదమ్మా. వాయిదా ఇస్తే కారణం రాయల్ల. ఈ రచయిత ఒక్కదానికన్నా రాసినాడా?"

సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ చెప్పేది అదే: విచారణలో ఒక కక్షిదారుకు మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడు కారణం రాతలో ఉండాలి. ఆచరణలో ఆ మూడు ఎన్నవుతాయో కోర్టు గుమ్మం తొక్కిన వాళ్ళకు తెలుసు. అయినా ఆ జాప్యంలో మనుషులుండేవాళ్ళు. పలమనేరు నుంచి తొలి బస్సుకు వచ్చే మామిడితోపు రైతు, ఒక వాయిదాకీ మరో వాయిదాకీ మధ్య అన్నతో పలకడం మానేసేవాడు. సాక్షికి వయసు మీదపడి మాట తడబడేది. నిదానంగానే నడిచినా ఏదో ఒకటి చేజారిపోతూ ఉండేది. ఈ నవలలో పేజీలు తప్ప మరేమీ కదల్లేదు. నాకూ అదే బాధ.

చివర్లో, అంతవరకూ పేరైనా వినబడని నౌకరు వచ్చి నిజం చెప్పేశాడు. ఎదుటి లాయరు ఒక్క ప్రశ్న అడగలేదు. పెద్దాయన ఆ పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు.

"క్రాస్ చెయ్యని సాక్ష్యాన్ని నమ్మమంటే ఎట్లమ్మా?"