హిందీ రాదన్న రోజు

అమ్మకి చెప్పింది ఒకటి, జరిగింది ఒకటి. "బార్సిలోనాలో దొంగలెక్కువమ్మా, బ్యాగు కొట్టేశారు" అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆ బ్యాగు పోవడానికి పది నిమిషాల ముందు నేను చేసిన పని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు కొత్తవాళ్ల ముందు మన ఊరినో, మన భాషనో, మన మనిషినో కాస్త పక్కకి నెట్టే ఉంటారు. నెట్టలేదంటే నమ్మను.

నేను పుట్టి పెరిగింది మలక్‌పేటలో. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ, ఉర్దూ కలిసిపోయిన మన హైదరాబాదీ మాట. పాలాయనతో అదే, ఆటో అన్నతో అదే, గల్లీ క్రికెట్‌లో ఔటా కాదా అన్న కొట్లాటంతా అదే. 2022లో ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వెళ్లాను. అప్పట్లో వీసా కావాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో 10,332 యూరోలు వేసి చూపించాల్సి వచ్చేది. నాన్న లోన్ తీసుకున్నాడు. ఆ డబ్బు నెలకి 861 యూరోల చొప్పున చేతికొచ్చేది. అది చాలక గోడౌన్‌లో గంటకి 12 యూరోలకి అట్టపెట్టెలు మోసేవాణ్ణి.

ఇదేదీ మా క్లాసులో జర్మన్ కుర్రాడికీ పోలండ్ అమ్మాయికీ తెలీదు. వాళ్ల దగ్గర నేను ఇంకొకణ్ణి. మా ఇంట్లో అందరం ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకుంటామన్నాను. ఏటా ఎండాకాలం ఏదో ఒక బీచ్‌కి వెళ్లొస్తామన్నాను. పక్కనే ఉన్న నా రూమ్మేట్, గుంటూరు వాడు, నా మొహం వంక ఒక్కసారి చూసి, తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

2023 మే నెలాఖరు సెలవులకి మేం నలుగురం బార్సిలోనా బయల్దేరాం. టికెట్లన్నీ నేనే చూస్తానని మీదేసుకున్నాను. చవగ్గా దొరికిందని కొన్న ఆ విమానం బార్సిలోనాలో దిగదనీ, 90 కిలోమీటర్ల ఇవతల జిరోనాలో దింపేస్తుందనీ దిగాక గానీ తెలియలేదు. బస్సులో ఎవరూ ఒక్క మాట అనలేదు. నేనే ఉండబట్టలేక, దారిలో పల్లెటూళ్లు చూపిద్దామనే అలా బుక్ చేశానన్నాను. ఎవరూ అడక్కుండానే అబద్ధం.

నెలల తరబడి జర్మనీ మబ్బుల కింద బతికాక ఆ ఎండ మొహాన పడితే ప్రాణం లేచొచ్చింది. మన మే నెల ఎండలా మాడ్చదు. సముద్రం మీంచి గాలి వీస్తూనే ఉంటుంది. ఆ ఎండలో మెరవాలని 49 యూరోలు పెట్టి తెల్ల లినెన్ చొక్కా కొన్నాను. గోడౌన్ లెక్కన అది నాలుగు గంటల మోత.

మొదటి సాయంత్రం లా రాంబ్లా వీధి చివరిదాకా నడిచి పాత రేవు దగ్గరికి చేరాం. అక్కడ ఆఫ్రికా నుంచి వచ్చిన కుర్రాళ్లు నేల మీద తెల్ల దుప్పట్లు పరిచి బూట్లు, హ్యాండ్‌బ్యాగులు అమ్ముతున్నారు. ఆ ఊళ్లో వాళ్లని మాంతెరోలంటారు. మాంతా అంటే దుప్పటే. ఆ దుప్పటి నాలుగు మూలలకీ తాళ్లు కట్టి ఉంటాయి, నాలుగు కొసలూ అమ్మేవాడి చేతిలోనే ఉంటాయి. పోలండ్ అమ్మాయి ఆగి, "ఆ తాళ్లెందుకు?" అని అడిగింది.

మా నలుగురిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. మా బాబాయ్ కోఠీలో ఫుట్‌పాత్ మీద బనియన్లు, కర్చీఫులు అమ్మేవాడు. బడి సెలవుల్లో నేనూ వెళ్లి కూర్చునేవాణ్ణి. పోలీసు జీపు మలుపు తిరుగుతోందంటే బాబాయ్ దుప్పటి నాలుగు చెంగులూ ఒక్క గుప్పిట పట్టి మూట భుజాన వేసేవాడు. జారిపడ్డ కర్చీఫులు ఏరుకుంటూ ఆయన వెనక పరిగెత్తడం నా పని. ఇక్కడ తాళ్లు కట్టుకున్నారు, అంతే తేడా.

"ఏమో" అన్నాను.

మర్నాడు పొద్దున బార్సెలోనెటా బీచ్‌కి వెళ్లాం. ఇసుక మీద తువ్వాలు పరచడానికి చోటు వెతుక్కోవాలి, అంత జనం. ఉత్తరంగా, దూరాన, 1992 ఒలింపిక్స్ రోజుల్లో ఫ్రాంక్ గెహ్రీ చేసిన పెద్ద లోహపు చేప ఎండకి బంగారంలా మెరుస్తోంది. ఆ చేప, నా తెల్ల చొక్కా ఒకే ఫొటోలో పడాలని పొద్దుట్నుంచీ నా తాపత్రయం. గుంటూరు వాడూ జర్మన్ కుర్రాడూ నీళ్లలోకి పోయారు. నేనూ ఆ అమ్మాయీ గట్టు మీద ఉన్నాం.

అప్పుడొచ్చాడాయన. యాభై ఏళ్లుంటాయి. నెత్తిన టోపీ, చేతిలో నీలం రంగు ప్లాస్టిక్ సంచి, దాన్నిండా ఐసు, నీళ్ల సీసాలు, బీరు డబ్బాలు. "అగువా, సెర్వేసా" అని పిలుచుకుంటూ నా దగ్గర ఆగాడు. సంచి మోసీ మోసీ వేళ్ల మీద తెల్లగా గాడి పడిపోయింది. నా మొహం చూసి నవ్వాడు.

"భాయ్, ఇండియా సే హో? బ్యాగ్ సంభాల్ కే రఖో. యహా చోర్ బహుత్ హై."

ప్రతి అక్షరం అర్థమైంది. ఎనిమిది నెలల తర్వాత ఒక పెద్దమనిషి నన్ను భాయ్ అని పిలిచాడు. పలకాల్సింది. కానీ ఆ అమ్మాయి చూస్తోంది. సంచి మోసుకు తిరిగే మనిషికీ నాకూ చుట్టరికం ఉందనుకుంటుందేమోనని నా భయం. "ఏమంటున్నాడు?" అంది. "తెలీదు, అది నా భాష కాదు" అన్నాను. ఆయన వైపు తిరిగి, "సారీ, నో హిందీ" అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "అచ్ఛా" అన్నాడు. వెళ్లిపోయాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. బ్యాగు పోయిందన్న బాధ నెలకే పోయింది. ఆ "అచ్ఛా" మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది. అందులో కోపం లేదు. నాలాంటివాళ్లని ఆయన చాలామందిని చూసే ఉంటాడు.

తర్వాతంతా పది నిమిషాల్లో అయిపోయింది. చేప ముందు నిలబడ్డాను, ఎండ కళ్లలో పడుతోందని పక్కకి జరిగాను, చొక్కా నలిగిందని సర్దుకున్నాను, ఫోన్ జేబులో ఉంటే ఫొటోలో ఎత్తుగా కనిపిస్తుందని తీసి బ్యాగులో పెట్టాను, బ్యాగు భుజాన ఉంటే బాగుండదని ఇసుక మీద పెట్టాను, ఆ అమ్మాయి తన ఫోన్లో మూడు ఫొటోలు తీసింది, నాలుగోది కాస్త కింది నుంచి తీయమన్నాను, తీసింది, వెనక్కి తిరిగాను. తువ్వాలుంది. బ్యాగు లేదు. ఫోను, పర్సు, రెండు కార్డులు, నలుగురం కలిపి వేసుకున్న ఖర్చుల డబ్బు, అన్నీ అందులోనే.

అప్పుడు నా నోట ఇంగ్లిష్ రాలేదు, జర్మన్ రాలేదు. "భాయ్! అరే భాయ్! మేరా బ్యాగ్ లేకే గయే!" అని మలక్‌పేట దాకా వినపడేలా అరిచాను.

ఆయన వెనక్కి వచ్చాడు. నడిచి కాదు, ఆ బరువుతో ఇసుకలో పరిగెత్తుకుంటూ. సంచి కింద పెట్టి తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. ముందు కార్డులు ఆపించు, ఏడవడం తర్వాత, అన్నాడు. నేను బ్యాంకుతో మాట్లాడుతుంటే చుట్టుపక్కల తువ్వాళ్ల మీదున్నవాళ్లని స్పానిష్‌లో అడిగొచ్చాడు. సీసా మూత తీసి ఇచ్చాడు. డబ్బుల్లేవు భాయ్ అంటే, "బాద్ మే దే దేనా" అన్నాడు. ఏ ఊరని అడిగాను. గుజ్రాత్ అన్నాడు. మన గుజరాత్ అనుకున్నాను. కాదు, పాకిస్తాన్ పంజాబ్‌లో జిల్లా అది. బార్సిలోనాలో ఉన్న పాకిస్తానీల్లో చాలామంది అక్కణ్ణుంచి వచ్చినవాళ్లే. నా యాస విని, "హైదరాబాదా?" అని తనే పోల్చుకున్నాడు. హిందీ రాదన్నావు కదా అని ఒక్క మాట అనలేదు.

ఆ మాట పోలండ్ అమ్మాయి అంది. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. జవాబు చెప్పేలోపు గట్టు మీద పోలీసు బండి కనిపించింది. లైసెన్సు లేకుండా అమ్మితే సరుకు లాక్కుంటారు. ఆయన సంచి అందుకుని వేగంగా జనంలో కలిసిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

పాస్‌పోర్ట్ హాస్టల్లో ఉండబట్టి బతికాను. పొద్దున బయల్దేరేటప్పుడు, "ఒరేయ్, అది ఇక్కడే పెట్టరా" అని గుంటూరు వాడు పోట్లాడి మరీ తీయించాడు. మధ్యాహ్నమంతా పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు కాగితం కోసం కూర్చున్నాం.

మూడో రోజు సగ్రాదా ఫామీలియా చూడాలి. నలుగురి టికెట్లూ పోయిన ఫోన్లోనే ఉన్నాయి. వేరే ఫోన్లో మెయిల్ తెరుద్దామంటే కోడ్ ఆ పోయిన నంబరుకే వెళ్తుంది. కొత్త టికెట్లు ఆ రోజుకి లేవు. నా మూలంగా నలుగురం ఎదుటి పార్కులో చెరువు గట్టు మీద కూర్చుని బయటి నుంచే చూశాం. 1882లో మొదలుపెట్టిన చర్చి, మేం చూసేటప్పటికీ కడుతూనే ఉన్నారు. పోలండ్ అమ్మాయి తన పుస్తకంలోంచి చదివి చెప్పింది. దాన్ని కట్టిన గౌడీని 1926 జూన్ 7న ట్రామ్ గుద్దిందట. మాసిన బట్టలు, జేబులో కాగితాల్లేవు. బిచ్చగాడనుకుని వెంటనే ఎవరూ పట్టించుకోలేదు. చివరికి పేదల ఆసుపత్రి శాంతా క్రూలో చేర్చారు. ఫలానా అని గుర్తుపట్టేసరికి మర్నాడైంది. 10వ తేదీన పోయాడు. ఊరు ఊరంతా ఆయన శవం వెంట నడిచింది.

నా ఒంటి మీద అదే తెల్ల చొక్కా ఉంది. అక్కడ నోరు విప్పాను. హిందీ వచ్చని, ఇంట్లో తెలుగు మాట్లాడతామని, నాన్న లోన్ సంగతి, గోడౌన్ సంగతి, కోఠీలో బాబాయ్ సంగతి, ఆ నాలుగు తాళ్లు ఎందుకో కూడా చెప్పాను. జర్మన్ కుర్రాడు నా భుజం మీద చెయ్యేశాడు. ఆ అమ్మాయి కాసేపు ఊరుకుని, "నాలుగు మూలలూ ఒక్కసారి లాగితే ఏదీ కింద పడదా?" అంది.

"కర్చీఫులు పడతాయి" అన్నాను.

ఆ సాయంత్రం గుంటూరు వాడి దగ్గర రెండు యూరోలు అప్పు తీసుకుని బీచ్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరిగాను. ఆయన కనిపించలేదు. పాకిస్తానీలు ఎక్కువగా ఉండే రవాల్ పేటకీ వెళ్లాను. ఆ శాంతా క్రూ ఆసుపత్రి పాత భవనం ఆ పేటలోనే ఉంది. మొబైల్ షాపుల్లో, టీ కొట్లలో అడిగాను. గుజ్రాత్ వాళ్లు, నీళ్లమ్మేవాళ్లు ఎంతోమంది ఉన్నారన్నారు. పేరేంటన్నారు.

మీరెప్పుడైనా ఆ తీరానికి వెళ్తే, వేళ్ల మీద తెల్లటి గాడి ఉన్న పెద్దాయన భాయ్ అని పిలిస్తే, పలకండి. హిందీలో పలకండి. నీళ్ల సీసా కొని రెండు యూరోలు ఎక్కువ ఇవ్వండి. మలక్‌పేట కుర్రాడు పంపాడని చెప్పండి.