ఖాందానుకు జోహార్లు

ఖాందానా, పాటగాళ్ల వంశమా, నీకు నమస్కారం. హిందుస్తానీ సంగీతానికి నీ అంతటి కాపలాదారు దొరకలేదు. దర్బారులు మూతపడ్డాయి, సంస్థానాలు విలీనమయ్యాయి, ఉస్తాద్‌లకు జీతాలిచ్చిన మహారాజుల పేర్లు జనం మరిచిపోయారు. గ్వాలియర్, ఆగ్రా, కిరానా, పటియాలా, జైపూర్-అత్రౌలీ అన్న ఘరానాల పేర్లు మాత్రం ఈ రోజుకీ కచేరీ కరపత్రాల మీద ఉన్నాయి. ఆ ఘనత నీదే. నువ్వు కాగితాన్ని నమ్మలేదు. సీనా-బ-సీనా, గుండె నుంచి గుండెకి, తండ్రి పాడగా కొడుకు పట్టుకున్నదే విద్య అన్నావు. ముంజేతికి గండా దారం కట్టించుకుని, గురువు పెట్టిన శనగలూ బెల్లమూ తిన్న బయటి శిష్యుడికి ఒక తాలీం. ఇంటి బిడ్డకి ఇంకో తాలీం. ఖాస్-ఉల్-ఖాస్ అన్న అసలైన విద్య కొడుక్కి, లేకపోతే తమ్ముడి కొడుక్కి, మహా అయితే అల్లుడికి. కొన్ని ఇళ్లలో అల్లుడికి బందిష్‌లనే కట్నంగా ఇచ్చేవారని గాయకులు చెప్పుకుంటారు. పాటకి అంత విలువ కట్టిన వాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు. కూతురి పెళ్లికి ఇవ్వదగ్గ ఆస్తి అది. కూతురి గొంతుకి ఇవ్వదగ్గది మాత్రం కాదు.

నీ నిబ్బరం కూడా గొప్పది. వారసుడు లేని ఉస్తాద్ పోతే ఆయనతో పాటు రాగాలు, అంతరాలు మట్టిలో కలిసిపోతాయని తెలిసి కూడా నువ్వు తలుపు తీయలేదు. భాత్‌ఖండే అనే వకీలు ఊరూరా తిరిగి, ఉస్తాద్‌లను బతిమాలి, దొరికినన్ని బందిష్‌లను స్వరపరిచి ఆరు సంపుటాలుగా అచ్చు వేశాడు. అచ్చులో పాట ప్రాణం ఉండదని నువ్వన్నావు. నిజమే, ఉండదు. ఆ పుస్తకాలు లేకపోతే ఆ పాటల్లో ఎన్నింటికి కనీసం దేహమైనా మిగిలేది కాదన్నదీ నిజమే.

నీ కథలంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. గ్వాలియర్‌లో బడే మహమ్మద్ ఖాన్ తన తానులు ఎవరికీ నేర్పేవాడు కాదట. హద్దూ ఖాన్, హస్సూ ఖాన్ అన్నదమ్ములు తెరచాటున కూర్చుని, విని, ఆ తానులన్నీ గొంతులోకి దించుకున్నారట. చాటుగా విన్నవాళ్లని దొంగలనకుండా మహానుభావులుగా నిలబెట్టావు, అది నీ పెద్దమనసు. అలాంటి తెరల వెనకే నీ ఇళ్లలో తరాల తరబడి ఆడపిల్లలు పెరిగారు. తెల్లవారుజామున మంద్రంలో ఖరజ్ సాధన మొదలైన దగ్గర్నుంచి రాత్రి ఆఖరి తరానా దాకా, అన్నదమ్ముల గొంతుల్లో తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోగలిగేంతగా విన్నారు. తెర ఒకటే, పాట ఒకటే, చెవులు అంతే పదునైనవి. వాళ్ల మీద మాత్రం ఒక్క కథా కట్టలేదు. ఆ ఇళ్ల నుంచి వేదిక దాకా వచ్చిన రోషనారా బేగం లాంటి వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పరువును ఇంత శ్రద్ధగా కాపాడటం అందరికీ చేతనయ్యే పని కాదు.

నీ గొప్పతనం నిండుగా చూడాలంటే కిరానా దగ్గర ఆగాలి. ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని కైరానాలో 1872లో పుట్టిన అబ్దుల్ కరీం ఖాన్, బరోడాకి చెందిన తారాబాయి మానేను చేసుకున్నాడు. అయిదుగురు పిల్లలు పుట్టారు. 1922లో తారాబాయి భర్తను విడిచి, ఆ అయిదుగురినీ తీసుకుని బయటికి వచ్చేసింది. పేర్లు మార్చింది. అబ్దుల్ రెహమాన్ సురేశ్‌బాబు మానే అయ్యాడు. చంపాకలి హీరాబాయి బరోడేకర్ అయింది. సకీనా సరస్వతి అయింది, తర్వాత సరస్వతి రాణేగా పేరు తెచ్చుకుంది. ఖాన్ అన్న మాట ఒక్క బిడ్డ పేరు చివరా మిగల్లేదు.

ఏ వంశమైనా అక్కడ కుప్పకూలి ఉండేది. నువ్వు నిలబడ్డావు. నిన్ను నిలబెట్టింది ఎవరు? హీరాబాయి టిక్కెట్టు పెట్టిన సభల్లో నిటారుగా కూర్చుని పాడి, గౌరవంగా బతికే ఆడది కచేరీ చెయ్యవచ్చని పశ్చిమ భారతానికి చూపించింది. సరస్వతితో కలిసి అక్కచెల్లెళ్ల జుగల్‌బందీ పాడింది. సురేశ్‌బాబు దగ్గర నేర్చుకున్న ప్రభా ఆత్రే 2024 జనవరిలో కన్నుమూసేదాకా ఆ గానాన్ని మోసింది. ఆమెది పాటగాళ్ల ఇల్లు కాదు. తల్లి మార్చిన పేర్లతో పెరిగిన పిల్లలూ, ఏ ఉస్తాద్ ఇంటిపేరూ లేని శిష్యురాలూ కలిసి నీ పేరు నిలిపితే, ఆ పేరు నీదేనని చెప్పుకోగలిగిన ధైర్యం నీకుంది.

తారాబాయి ఇల్లు విడిచిన ఆ 1922లోనే కర్ణాటకలో ఒక బడిపంతులి ఇంట భీమ్‌సేన్ జోషీ పుట్టాడు. అబ్దుల్ కరీం ఖాన్ రికార్డు విని, పదకొండేళ్ల వయసులో గురువును వెతుక్కుంటూ ఇల్లు వదిలి రైళ్లెక్కాడు. గ్వాలియర్ వెళ్లాడు, జలంధర్ దాకా వెళ్లాడు. ఉత్తరమంతా తిరిగి తిరిగి, చివరికి సొంత ఊరికి దగ్గర్లోనే కుంద్‌గోళ్‌లో అబ్దుల్ కరీం ఖాన్ శిష్యుడు సవాయి గంధర్వ గడప తొక్కాడు. అదే గడపకి హుబ్బళ్లి నుంచి రైల్లో వచ్చి నేర్చుకున్న గంగూబాయి హంగల్, వీధిలో నడుస్తుంటే పాటకత్తె అన్న ఎగతాళి పడిన పిల్ల. పార్సీ ఫిరోజ్ దస్తూర్ కూడా సవాయి గంధర్వ శిష్యుడే. కిరానా అనగానే ఈ రోజు జనానికి గుర్తొచ్చేది వీళ్లే. వీళ్లలో ఒక్కరిలోనూ నీ రక్తం లేదు. 2008లో భీమ్‌సేన్‌కి భారతరత్న ప్రకటించినప్పుడు అది కిరానా ఘరానాకి దక్కిన గౌరవమని అందరూ అన్నారు. నీకు దక్కిందీ నిజమే.

జైపూర్-అత్రౌలీలోనూ ఇంతే. ఆ ఘరానా పెద్ద అల్లాదియా ఖాన్ 1946లో పోయాడు. ఆయన కొడుకు మంజీ ఖాన్ తండ్రి కంటే ముందే, 1937లో వెళ్లిపోయాడు. భుర్జీ ఖాన్ 1950లో. ఆ గానం కేసర్‌బాయి కేర్కర్, మోగూబాయి కుర్దీకర్, మల్లికార్జున మన్సూర్ గొంతుల్లో బతికింది. ఇద్దరు గోవా స్త్రీలు, ఒక కన్నడ మనిషి. 1977 సెప్టెంబరులో బయల్దేరిన వాయేజర్ అంతరిక్ష నౌకలోని బంగారు రికార్డులో భారతీయ సంగీతం తరఫున ఉన్నది కేసర్‌బాయి భైరవి. గడప దాటనివ్వకుండా దాచిన విద్య నక్షత్రాల నడుమకి వెళ్లిపోయింది. ఇక మోగూబాయి కూతురు కిశోరీ అమోణ్‌కర్ తల్లి దగ్గర నేర్చుకున్నదాన్ని తన మనసుతో విప్పి పాడితే, ఇది ఘరానా గాయకీ కాదని నీ పక్షాన తీర్పులు వెలువడ్డాయి. హద్దు ఎక్కడ దాటిందో పట్టడంలో నీ చెవికి సాటి లేదు. ఆమె రాగంలో ఎంత లోతుకి దిగిందో వినడం మిగతా లోకానికి వదిలేశావు.

నీ కొడుకులను తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. విష్ణు దిగంబర్ పలుస్కర్ 1931లో చనిపోయేనాటికి కొడుకు డి.వి.కి పదేళ్లు. తండ్రి పాటను ఆ పిల్లాడికి తిరిగి అప్పగించింది తండ్రి శిష్యులు, వినాయకరావు పట్వర్ధన్, నారాయణరావు వ్యాస్. వాళ్లు తమకే ఉంచుకోవచ్చు. ఉంచుకోలేదు. 1952లో బైజూ బావ్రా సినిమాలో తాన్‌సేన్‌కీ బైజూకీ పోటీ పెట్టినప్పుడు బైజూకి పాడింది ఆ డి.వి. పలుస్కరే. తాన్‌సేన్‌కి పాడిన అమీర్ ఖాన్ సారంగీ వాయించే షామీర్ ఖాన్ కొడుకు. సారంగీ వాళ్లను గాయకుల పక్కన ఒక మెట్టు కింద కూర్చోబెట్టిన నీకు, ఆ సారంగీ ఇంటి బిడ్డ పాటతో కొత్త ఘరానానే వెలిస్తే దాన్నీ నీ జాబితాలో చేర్చుకునే ఔదార్యం ఉంది. డి.వి. 1955లో, ముప్ఫై నాలుగేళ్లకే పోయాడు.

బడే గులాం అలీ ఖాన్ 1968 ఏప్రిల్‌లో కన్నుమూసింది మన హైదరాబాద్‌లోనే. పక్షవాతం వచ్చాక కూడా ఆయన పాడగలిగారంటే పక్కన కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ ఉన్నాడు కనుక. ఊపిరి అందని చోట కొడుకు గొంతు అందించేవాడు. ఆ సేవకి చేతులెత్తి మొక్కాలి. తండ్రి పోయాక మునవ్వర్ పాడితే శ్రోతలు అందులో తండ్రినే వెతికారు. దొరికితే అనుకరణ, దొరక్కపోతే లోటు. కొడుక్కి ఆస్తి మొత్తం ఇచ్చి తన గొంతుతో తాను తప్పు పాడే హక్కు ఒక్కటి ఇవ్వకపోవడం నీ పెంపకంలోని పట్టుదల. ఇప్పుడు పదేళ్లు నిండని పిల్లల్ని ఫలానా తరం వారసుడని పరిచయం చేసి వేదికెక్కిస్తున్నావు. వాళ్లకి చప్పట్లు పాట మొదలవకముందే వస్తాయి. పాట అయ్యాక వచ్చిన చప్పట్లు దేనికో ఆ పిల్లలకి ఎప్పటికి తెలుస్తుంది?

నువ్వు మహాపురుషుడిగా కొలిచే అబ్దుల్ కరీం ఖాన్ ఆర్య సంగీత విద్యాలయం నడిపి బయటివాళ్లకి పాఠం చెప్పాడు. దక్షిణాది స్వరప్రస్తారం విని ముచ్చటపడి తన పాటలోకి తెచ్చుకున్నాడు. ఖరహరప్రియలో మన త్యాగరాజ కీర్తనను తెలుగులోనే పాడి రికార్డు ఇచ్చాడు. 1937లో మద్రాసు నుంచి పాండిచ్చేరి వెళ్తూ సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్‌లో ప్రాణం విడిచాడు. నీ నియమాల్లో సగం ఆయనే దాటాడు. అయినా వంశవృక్షంలో ఆయన పేరు కొట్టెయ్యలేదు, కింద గీతలు గీసి శిష్యులందరినీ చేర్చావు. ఆ పటంలో అయిదుగురు గాయకుల్ని కని, పెంచి, కొత్త పేర్లిచ్చి లోకంలోకి పంపిన తారాబాయిని ఏ గీత మీద ఉంచుతావు?