ఒంటిగంట బోరు

మా పెద్దనాయిన కొడుకుది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా పుణ్యమా అని 2021 యాసంగి నాటికి కల్వకుర్తి పక్కనున్న మా ఊరికి చేరి, అమెరికావాళ్ళ టైముకు రాత్రిళ్ళు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. మనిషికి బుర్ర పాదరసంలా పనిచేసే గంటలు రోజులో కొన్నే ఉంటాయట. అవి ఎప్పుడో పట్టుకుని గట్టి పనులన్నీ అప్పుడే పెట్టుకోవాలట. తనకు అర్ధరాత్రి పన్నెండు నుంచి మూడు వరకని ఫోన్‌లో గ్రాఫు చూపించాడు. మరి పగలో అని అడిగితే, "పగలు నేను వేస్ట్ అన్నా" అన్నాడు. ఈ మాట ఒక్కటీ ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

తన సంగతి తేలిపోయాక బోరు మీద పడ్డాడు.

ఎల్లూరు దగ్గర శ్రీశైలం వెనుక జలాల్లోంచి కృష్ణ నీళ్ళను మూడుచోట్ల ఎత్తిపోసి మా వైపు తెస్తున్నారు గానీ, పెద్దనాయిన పొలం కాలువకు ఎగువన ఉంది. ఆయనకు బోరే దిక్కు. మాదంతా బండ నేల. నీళ్ళుండేది బండ పగుళ్ళలో. ఒకరి మోటారు గుంజితే పక్కవాళ్ళ పైపు బుస్సుమంటుంది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చినప్పుడు, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్లను ముందు పీకెయ్యండని సర్కారు మొత్తుకున్నది ఇందుకే.

మావాడు 20 లీటర్ల బకెట్టు పైపు కింద పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచీ నొక్కాడు. పొద్దున ఏడింటికి నిండటానికి 30 సెకన్లు. మిట్టమధ్యాహ్నం నీళ్ళకంటే గాలే ఎక్కువ. రాత్రి ఒంటిగంటకు 11 సెకన్లే! ఎగిరి గంతేశాడు. "నాయినా, మన బోరు గూడ నా లెక్కనే. రాత్రయితేనే పనిచేస్తది!"

లెక్కలన్నీ ఒక కాగితం మీద గ్రాఫు గీసి స్టార్టర్ డబ్బా మూతకు లోపలివైపు అంటించాడు. ఈ టైము ఎవ్వరికీ చెప్పొద్దని తండ్రికి గట్టిగా చెప్పాడు.

పెద్దనాయిన అవునని గానీ కాదని గానీ అనలేదు. ఆ రాత్రి నుంచి ఒంటిగంటకు అలారం మోగేది. తలకు రుమాలు చుట్టుకుని, ఒక చేత బ్యాటరీ లైటు, ఇంకో చేత పార పట్టుకుని ఆయన పొలానికి బయల్దేరేవాడు. నేనూ వస్తా అని కొడుకు ఏనాడూ అనలేదు. పాపం, మీటింగులు.

పెద్దనాయినకు రాత్రి నీళ్ళు కొత్త కాదు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది గానీ, ఏడు గంటలే. అదీ వంతుల వారీగా, చాలాసార్లు సగం పగలు, సగం రాత్రి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే రైతుకు తెల్లవారినట్టు. తడి కాళ్ళతో డబ్బా ముట్టుకుని పోయినవాళ్ళను, గెట్టు మీద పురుగు ముట్టి ఆసుపత్రి దాకా చేరనివాళ్ళను ఆయన చూశాడు. ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చిన రోజు ఆయన చేసిన పండగల్లా ఒక్కటే. బ్యాటరీ లైటును అటక మీద పడేశాడు.

ఇప్పుడు దాన్ని మళ్ళీ కిందికి దించాడు.

అయితేనేం, నెర్రెలు బారిన మడి తడిసింది, వరి తేరుకుంది. మావాడి ఆనందం అంతా ఇంతా కాదు. వారం తిరిగాక లెక్క మళ్ళీ సరిచూద్దామని మీటింగు ఎగ్గొట్టి, ఒంటిగంటకు తానే బకెట్టు పట్టుకుని పోయాడు. 34 సెకన్లు! తలెత్తి చూస్తే చుట్టూ చేలల్లో ఎక్కడ చూసినా బ్యాటరీ లైట్లే. అన్ని మోటార్లూ గుయ్యిమంటున్నాయి.

గుట్టు ఎవరు బయటపెట్టారని తెల్లవార్లూ తర్జనభర్జన పడ్డాడు. మోటారు మెకానిక్ మీద అనుమానపడ్డాడు. చాయ్ హోటల్ మీదా పడ్డాడు. మొహం చూసి కనిపెడదామంటే కుదిరే పనా? 1989లో ముఖ్యమంత్రిగా ఉన్న ఎన్టీ రామారావునే చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడగొట్టిన నియోజకవర్గం మాది. పెట్టెలు విప్పేదాకా ఇక్కడ ఎవరి మనసులో ఏముందో తేలదు.

మర్నాడు పదకొండింటికి లేచేసరికి పెద్దనాయిన ఇంట్లో లేడు. పొలానికి పోయి చూస్తే పైపు నిండుగా దుంకుతోంది. ఫెళ్ళున కాసే ఎండలో ఆయన పార భుజాన వేసుకుని, బీడీ కాలుస్తూ గెట్టు మీద నిలబడ్డాడు. చుట్టుపక్కల నరమానవుడు లేడు. మావాడు బకెట్టు పెట్టాడు. 11 సెకన్లు.

"నాయినా, అందరేరి?"

"రాత్రంత నీళ్ళు కట్టిరి గద. పండుకున్నరు."

"మన టైము వాళ్ళకు ఎవరు చెప్పిండ్రే?"

"నేనే. ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టేయించుకొని, ఒక్కొక్కనికి చెప్పిన." బీడీ ఆర్పి పార అందుకున్నాడు. "నమ్మనోళ్ళకు నీ కాయితం సూపిచ్చిన."