అంకెల చక్రం

సైనిక్‌పురిలో మా వీధి చివర ఉండే మేజర్ గారి అంబాసిడర్‌కి స్పీడోమీటరు ముల్లు వణకడం మొదలైంది. నలభై మీద పోతుంటే ముప్పైకీ యాభైకీ మధ్య ఊగిపోతోంది. ఉత్తరపారాలో 2014లోనే తయారీ ఆగిపోయిన బండి. అయినా కొత్త మీటరు వద్దే వద్దన్నారాయన. పాతదే బాగుచేయించాలి. ఆ పట్టుదల నాకు భలే ఇష్టం. రాణిగంజ్ వైపు ఒక సందులో మీటర్ల పని చేసే పెద్దాయన దగ్గరికి నేనూ తోడు వెళ్లాను.

ముల్లు వణికిందంటే సగం సార్లు తప్పు కేబుల్‌దే. గేర్‌బాక్స్ నుంచి డ్యాష్‌బోర్డు దాకా గొట్టంలో తిరిగే ఉక్కు తీగ అది. గ్రీజు ఎండితే పట్టేసి, వదిలి, మళ్లీ పట్టేస్తుంది. పెద్దాయన తీగను బయటికి లాగి, కడిగి, వంకర ఉందేమోనని బల్ల మీద దొర్లించి చూశాడు. తర్వాత పల్చగా గ్రీజు పూశాడు. మీటరు వైపు కొసకు మాత్రం పూయలేదు. అక్కడ పూస్తే గ్రీజు పాక్కుంటూ మీటరు లోపలికి చేరి దాన్ని పాడుచేస్తుందట.

అక్కడితో పని అయిపోయేదే. ఆయన మీటరు కూడా విప్పాడు. లోపల కేబుల్‌తో పాటు తిరిగే అయస్కాంతం, దాన్ని తాకకుండా ఒక అల్యూమినియం గిన్నె. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుళ్లు తిరిగే విద్యుత్తు పుట్టి దాన్ని వెంట లాగుతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటలో ముల్లు ఎక్కడ నిలబడితే అదే వేగం. జర్మనీలో ఒట్టో షుల్జె 1902లో పేటెంటు తీసుకున్న ఉపాయమిది. ఈ ముల్లుకి పళ్ల చక్రాలతో పనే లేదు. అవి ఉన్నది కిలోమీటర్ల అంకెలు తిప్పడానికి.

పెద్దాయన చేత్తో కేబుల్ కొస తిప్పుతూ ఆ అంకెలనే చూస్తున్నాడు. కాసేపటికి గోరంత చక్రాన్ని పట్టకారుతో తీసి భూతద్దం కింద పెట్టాడు. ఒక పక్క పళ్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"ముల్లు మంచిగనే ఉంది సార్. నంబర్లే తప్పుతున్నయ్. పది కిలోమీటర్లు పోతే ఎనిమిదే ఎక్కుతున్నయ్. ఇయ్యాల్టిది కాదిది, ఏండ్ల సంది ఇట్లనే ఉండి ఉంటది."

మేజర్ గారి ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

ఆయన దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన డ్రైవర్ ఒకతను ఉండేవాడు, కుషాయిగూడ మనిషి. పెట్రోలు దొంగిలిస్తున్నాడని, లెక్క చూపించి మరీ అతణ్ణి పంపించేశారు. సైన్యం అలవాటు కదా, బండి కదిలితే తేదీ, కిలోమీటర్లు, పోయించిన పెట్రోలు లాగ్‌బుక్‌లో పడాల్సిందే. లీటరుకి పది ఇచ్చే బండి ఎనిమిదికి దిగితే మిగతా పెట్రోలు ఎటు పోయినట్టు? అతను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తప్పు చేశాడు కాబట్టే నోరు మెదపలేదని వీధిలో అందరూ అనుకున్నారు.

ఇంటికి రాగానే మేజర్ గారు అటక మీది లాగ్‌బుక్కులన్నీ దింపించారు. లెక్క ఏ నెల నుంచి తప్పిందో తేల్చుకుని, అతని ఇంటికి వెళ్లి, అతని పిల్లల ముందే క్షమాపణ చెప్పుకుంటానన్నారు. కళ్లజోడు తడిసి ఆయనకు అంకెలు ఆనడం లేదు. నేనే పేజీలు తిప్పాను.

పది కాస్తా తొమ్మిదికి దిగిన నెల దొరికింది. ఆ పేజీ చివర రిమార్కుల గడిలో డ్రైవర్ కూడబలుక్కుని రాసిన వంకర అక్షరాలు: "కిలోమీటర్ల నంబర్లు తక్కువ తిరుగుతున్నయి సార్. మీటర్ బాగు చేపియ్యాలె."

తర్వాతి నెలా అదే మాట. ఆ తర్వాతి నెలా అదే.

మూడింటి కిందా ఎర్ర సిరాతో మేజర్ గారి సంతకం, పక్కనే ఆయన చేతిరాతతో ‘చూశాను’.