ఈశాన్య రుతుపవనాల వారి దివ్య సముఖానికి బహిరంగ లేఖ

విషయం: పక్షులను చూసే యాత్రకు పులికాట్‌లో తగినంత నీరు మంజూరు చేయించుట గురించి.

పులికాట్‌లో ఏ చలికాలం ఎన్ని పక్షులు దిగాలో తేల్చేది అటవీ శాఖ కాదు, ఏలినవారే. నెల్లూరు సీమ ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు, డిసెంబరుల మధ్య వారి చేతి మీదుగానే అందుతుంది. అందుకే అర్జీ నేరుగా వారికే.

అర్జీ పుట్టింది సిద్దిపేట జిల్లా ములుగులో. లక్నవరం ఉన్న ములుగు వేరు, చిరునామా సరిచూడగలరు. ఇక్కడ అటవీ కళాశాల ఉంది, ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, సముద్రం లేదు. ఉప్పునీటి పక్షుల కోసం 500 కిలోమీటర్లు దాటి పులికాట్ దగ్గరి సూళ్లూరుపేట చేరాలి. బస్సు, సెలవులు, భోజనాల లెక్క నెల ముందే తేలుతుంది. ఫ్లెమింగోల లెక్క తేలదు.

చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. లోతు తక్కువ, ఫ్లెమింగోకు కావలసిందీ అదే. బురద తొక్కి, తల తలకిందులుగా ముంచి, వంకర ముక్కుతో నీటిని వడగట్టి నాచు, సన్న రొయ్యజాతి జీవులు తింటుంది; ఒంటి గులాబీ రంగు ఆ తిండిదే. కాళంగి, స్వర్ణముఖి ఒక్కసారిగా పొంగితే కాలు నిలవదు. వాన తక్కువైతే నీరు దూరం జరిగి, పక్షులు బైనాక్యులర్‌లోనూ చుక్కలే. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగకు తేదీలు ఆఫీసులో ఖాయమవుతాయి, పక్షుల హాజరు కాదు.

దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుదీ ఇదే సంగతి. చెరువు నిండి, నీటిలో చెట్లు నిలబడితేనే గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్ల తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి చేపను లాక్కుంటుంది. చూసేవారికి పిల్ల మింగుడు పడిందేమోనని అనుమానం. రెట్ట కలిసిన ఆ నీరు పొలాలకు ఎరువు గనుక రైతులు పక్షుల గోల భరిస్తారు.

శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సును ఉత్తర, దక్షిణ భాగాలుగా చీల్చుతుంది. చలికాలపు ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి ఉత్తరం వైపు చూస్తేనే రంగులు తేలుతాయి. బస్సు దిగి అందరూ ఒడ్డుకు ఉరికితే గుంపు లేస్తుంది. విప్పిన రెక్కల ఎరుపు, నలుపు ఫోటోకు లాభం, మేత మానిన పక్షికి నష్టం.

ప్రార్థన: నవంబరు కోటా ఒకే తుఫానులో కుమ్మరించక వాయిదాల్లో ఇచ్చి, సంక్రాంతికి మోకాలి లోతు మిగల్చగలరు. సరస్సు ముఖద్వారాల్లో ఇసుక పూడిక ఏలినవారి ఖాతాలో వేయడం లేదు. దాన్ని తీయించాల్సినవారికి వేరే అర్జీ వెళుతుంది.