రెండో మంగళవారం ఉలిదెబ్బలు

ఆళ్లగడ్డకు పోయి ఒక రాతి వినాయకుణ్ణి కొనుక్కొచ్చారనుకోండి. శిల్పి డబ్బులు తీసుకున్నాడు, ఆటో ఎక్కించాడు, కథ కంచికి. నెల తిరక్కుండా అదే మనిషి ఉలీ సుత్తీ పట్టుకొని మీ తలుపు కొట్టాడు. "తొండం పక్కన సందొకటి కనపడింది సామీ, దొంగలు దూరతారు. పూడుస్తా. అంతవరకూ పూజ ఆపాల." మంచిదే కదా అన్నారు మీరు. పూడ్చి పోతూ పోతూ పీఠం మీద సబ్బు ప్రకటన ఒకటి అంటించి పోయాడు. పై నెల మళ్లీ వచ్చాడు. కిందటిసారి దెబ్బకు చెవి పగిలిందట, అతికిస్తాడట. పదేళ్లు ఇట్లా గడిచాక, "మీ గోడలో కొత్తరకం గూడు లేదు, ఇక ఈ దేవుడి జోలికి రాను, ఇల్లు మార్చుకోండి" అన్నాడు.

ఆళ్లగడ్డ శిల్పులు మన్నించాలి. వాళ్లు చెక్కింది చెక్కినట్టు ఇచ్చి పంపేవాళ్లు. ఈ పద్ధతి కంప్యూటర్ కంపెనీలది.

2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా ప్యాచ్‌లు వదులుతోంది. వాళ్లకు పొద్దున అయితే మనకు రాత్రి. బుధవారం నంద్యాల సంజీవనగర్‌లో జిరాక్స్ షాపు షట్టర్ ఎత్తేసరికి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి, 'కంప్యూటర్ ఆపవద్దు' అన్న హుకుంతో సహా. కౌంటర్ ముందు పాస్‌బుక్కుతో రైతు, హాల్‌టికెట్ కోసం వచ్చిన పిల్ల. "ఎంతసేపన్నా?" "ముప్పై శాతం అయింది మా." ఆ ముప్పై శాతం మధ్యాహ్నానికి కూడా ముప్పైగానే ఉండగలదు.

భద్రత వద్దంటున్నానా? లేదు. 2017 మే 12న వన్నక్రై అనే డబ్బు గుంజే ప్రోగ్రాం విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనే కొన్ని జిల్లాల కంప్యూటర్లకు తాళం పడింది. తాళం తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమన్నారు దొంగలు, పోలీసులనే. దానికి మందు ఆ ఏడాది మార్చి 14నే వచ్చింది, వేసుకోని వాళ్లే ఎక్కువ నష్టపోయారు. కాబట్టి "అప్డేట్లు ఆఫ్ చేసేయ్ అన్నా, హాయిగా ఉంటుంది" అనే మేధావుల సలహా నాకు అక్కర్లేదు.

నా గొడవ మందుతో కాదు, మందు సీసాలో కలిపి పోస్తున్న సరుకుతో. 2024 మే నెల ప్యాచ్‌తో విండోస్ 11 స్టార్ట్ మెనూలోకి యాప్‌ల ప్రకటనలు దిగాయి. వాటికి పెట్టిన ముద్దుపేరు 'సిఫారసులు'. మన దగ్గర సిఫారసుకు మనమే పోయి కాళ్లు పట్టుకోవాలి, ఇది ఇంటికే వచ్చింది. మందు వికటించడం ఇంకో గొడవ. 2021 మార్చి ప్యాచ్ వేసుకున్నవాళ్లలో కొందరికి ప్రింట్ నొక్కగానే బ్లూ స్క్రీన్ వచ్చింది. ఏ ప్రింటర్ల మీద? క్యోసెరా, రికో లాంటి వాటి మీద. మన ఊళ్లో జిరాక్స్ షాపులు బతికేదే వాటి మీద. 2025 అక్టోబరు ప్యాచ్ తర్వాత, పాడైన విండోస్‌ను బాగుచేసుకునే రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పని చెయ్యలేదు. ఆసుపత్రి తెరిచే ఉంది, తలుపు గొళ్లెం మాత్రం లోపల పెట్టారు. వారం లోపే ఇంకో అత్యవసర ప్యాచ్. న్యాయంగా ఒకటి మెచ్చుకోవాలి: 2025 మార్చి ప్యాచ్ కొందరి కంప్యూటర్లలో కోపైలట్ అనే ఏఐ సహాయకుణ్ణి తనంతట తానే పీకేసింది. జనం సంతోషించారు. కంపెనీ అది పొరపాటని చెప్పి సరిదిద్దుకుంది.

ఇక విండోస్ 10. ఇదే ఆఖరి విండోస్ అని 2015లో ఆ కంపెనీ ఉద్యోగే సభలో అన్నాడు. 2025 అక్టోబరు 14న దానికి మద్దతు ఆపేశారు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. నిన్నటిదాకా నిక్షేపంగా పనిచేసిన పెట్టె పొద్దునకల్లా పాతసామాను. ఇంకో ఏడాది ఊపిరి కావాలా, 30 డాలర్లు కట్టండి, లేదా మీ సెట్టింగులన్నీ మా ఖాతాలోకి పంపండి అన్నారు. భద్రత కోసం ఇంటి తాళంచెవి వాళ్ల దగ్గర పెట్టాలన్నమాట.

మరి వేరే దారి లేదా అంటే, ఉంది. దాని పేరు లైనక్స్. అందులో ఉబుంటు ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల బాస్ ఉంది, తెలుగులోనే కనపడాలంటే హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ వాళ్లు చేసిపెట్టిన లైనక్స్ ఉంది. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లైనక్స్ మీదే చదువుకుంటున్నారు. దానికీ అప్డేట్లు వస్తాయి, ఇంకా తరచుగానే వస్తాయి. కాకపోతే గిరాకీ నిలబడి ఉండగా మన చేతిలో పని లాక్కోవు. అయినా మన షాపుల్లో ఏం జరుగుతుంది? ఉచితంగా ఇస్తామన్నదాన్ని వద్దని, డబ్బులకు అమ్మేదాన్ని దొంగిలించి పెట్టుకుంటాం. క్రాక్ వేసి, దొరక్కుండా అప్డేట్లు ఆపి, ఐదు వందలు పుచ్చుకొనే కుర్రాడు ప్రతి సెంటర్లోనూ ఉన్నాడు. భద్రత గురించి అందరికంటే గట్టిగా ఉపన్యాసం ఇచ్చేదీ అతనే.

షాపులు విండోస్‌ను వదలకపోవడానికి అసలు ముడి అనూ అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్ల దగ్గర ఉంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయినప్పుడు 'కర్నూలు జిల్లా' అన్న లెటర్‌హెడ్లన్నీ మార్చిన డీటీపీ షాపుల్లో నడిచేది అనూ, దానితో పేజీలు కూర్చే పేజ్‌మేకర్. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 2001లో వచ్చింది. ఏళ్ల తరబడి అప్డేట్ అడగని సాఫ్ట్‌వేర్ అది, అందుకేనేమో అంత ప్రేమ. అనూలో కొట్టిన పెళ్లిపత్రికను ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే వధూవరులు ఇంగ్లీషు అక్షరాల గుట్టలో కలిసిపోతారు. లైనక్స్‌లో ఈ అనూ, పేజ్‌మేకర్ జంటను నడిపించడం తలకు మించిన పని. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి కదా అంటే, "అందులో అక్షరం నిండుగా ఉండదు సార్, పార్టీ ఒప్పుకోదు" అంటారు. పార్టీని ఎవరైనా అడిగారా అన్నది నా అనుమానం.

లైనక్స్ మీద, ఆ ఫాంట్లతో పెళ్లికార్డు వేసే షాపు నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో ఉంటే చెప్పండి. మా ఇంటి కార్డులు అక్కడే వేయిస్తా. పెళ్లికొడుకు పేరులో ఒత్తు కాస్త సన్నగా పడినా వియ్యంకుడికి నేను సర్దిచెప్పుకుంటా.